కొంగుకు చాలినంత మెమరీ

8 జూలై 2024, సోమవారం

ఆషాఢం వచ్చి రెండు రోజులైంది. కింద బెంగళూరు చిక్కపేట వీధంతా తగ్గింపు ధరల బోర్డులు, మెట్రో స్టేషన్ మెట్లెక్కి వచ్చే జనం, తలల మీద మూటలతో హమాలీలు. రెండో అంతస్తులో నా బల్ల దగ్గర మాత్రం కార్తీకం నడుస్తోంది. వరలక్ష్మీ వ్రతానికి అమ్ముడుపోయే చీరలు ఇప్పటికే మగ్గాల మీద ఉన్నాయి. నేను గీస్తున్నది వాటి తర్వాతి పెళ్లిళ్ల సరుకు.

సికింద్రాబాద్ హోల్‌సేల్ వ్యాపారి ఈసారి కొత్త షరతు పెట్టాడని అన్నయ్య చెప్పాడు. చీర డిజైను గ్రాఫు చూసి ఆర్డరు ఇవ్వడట. పది చీరలూ మనిషి కట్టుకున్నట్టు, కొంగు కదిలితే జరీ మెరిసినట్టు, అన్నీ ఒకేచోట నిలబెట్టి వీడియోలో చూపించాలట. అన్నయ్యకు కోపం వచ్చింది కానీ నాకు ఆ కోరిక న్యాయంగానే తోచింది. ధర్మవరంలో బరువైన కొంగున్న నమూనా చీర ఒకటి నేయించాలంటే వారం పది రోజులు ఒక మగ్గం దానికే కట్టుబడిపోతుంది. తీరా రంగు నచ్చలేదంటే ఆ చీర బీరువాలోకి పోతుంది, నేసినవాళ్ల కష్టం దానితోపాటే. బొమ్మలోనే నచ్చకపోతే పోయేది కాస్త కరెంటు, నా రాత్రి నిద్ర. మగ్గం ఎక్కకముందే తేలాల్సినవి తేలిపోవాలి.

నా కంప్యూటరులో ఉన్న గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 1050 టీఐ, 2016లో వచ్చిన రకం, 4 జీబీ మెమరీ. ఒక్క చీర వరకు లాక్కొచ్చింది. మూడోది తెచ్చి పక్కన నిలబెట్టేసరికి మెమరీ చాలదంటూ ఈ బొమ్మలు చేసే సాఫ్టువేరు బ్లెండర్ ఆగిపోయింది.

సాయంత్రం కాలేజీ నుంచి వస్తూ మేనల్లుడు మేడెక్కి వచ్చాడు. “అత్తా, ఇంకేం ఆలోచించొద్దు, 4060 తీసుకో. లేటెస్టు.” నగరత్‌పేటలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే అతని దగ్గర 3060 ఉందని, అందులో 12 జీబీ మెమరీ అని విన్నట్టు గుర్తుచేశాను. “అది పాతది అత్తా” అని కొట్టిపారేశాడు. పాతదానిలో 12, కొత్తదానిలో 8. అది నాకు మింగుడు పడలేదు.

9 జూలై, మంగళవారం

భోజనాలయ్యాక రెండు కార్డుల వివరాలూ ఈ పుటలోనే ఎదురెదురుగా రాసుకుంటున్నాను.

ఆర్‌టీఎక్స్ 3060, 12 జీబీ: 2021 ఫిబ్రవరి 25న అమ్మకానికి వచ్చింది. ఆర్‌టీఎక్స్ 4060: 2023 జూన్ 29. రెండూ ఎన్విడియావే. అమెరికాలో విడుదల ధర మొదటిదానికి 329 డాలర్లు, రెండోదానికి 299. ఏడాదికేడాదికీ అన్నిటి ధరలూ పెరుగుతున్న కాలంలో కొత్త సరుకు తక్కువ ధరకు దిగిందంటే ఎక్కడో కోత పడి ఉంటుంది. ఆ కోత నాకు తగిలే చోట పడిందా, తగలని చోట పడిందా అన్నదే నేను చూడాల్సింది.

లెక్కలు చేసే క్యూడా కోర్లు 3060లో 3584, 4060లో 3072. ఇక్కడ ఒక కోత. కానీ బూస్ట్ వేగం పాతదానిది 1.78 గిగాహెర్ట్జ్ అయితే కొత్తదానిది 2.46. ఒక్కో కోరు ఒక్కో విడతకు రెండు లెక్కలు చేస్తుంది కనుక కోర్లను రెండుతో, ఆపైన వేగంతో గుణిస్తే పాతదానికి సుమారు 12.7 టెరాఫ్లాప్స్, కొత్తదానికి 15.1 వస్తాయి. కాగితం మీద కొత్తది 19 శాతం ముందుంది. 1080పీ తెర మీద ఆటలాడి కొలిచినవాళ్లు చెప్పే తేడా కూడా ఇంచుమించు ఇంతే. మామూలుగా కాగితం మీది లెక్క ఇంత దగ్గరగా నిజం కాదు.

వేగం అంత పెరగడానికి కారణం చిప్పు తయారీ. 3060 చిప్పు శాంసంగ్ వాళ్ల 8 నానోమీటర్ల పద్ధతిలోది. 4060ది తైవాన్ టీఎస్‌ఎంసీ 4ఎన్ పద్ధతి. చిప్పు సైజు బాగా తగ్గింది, కరెంటు కూడా తగ్గింది. పాతది 170 వాట్లు అడుగుతుంది, కొత్తది 115తో సరిపెట్టుకుంటుంది. రోజుకు 8 గంటల చొప్పున ఏడాదిలో 300 రోజులు పూర్తి భారం మీద నడిపినా ఆ 55 వాట్ల తేడా 132 యూనిట్లు. యూనిట్ 8 రూపాయల లెక్కన వెయ్యి రూపాయల పైచిలుకు. ఈ ఇరుకు గదిలో ఆ వేడి కూడా లెక్కలోకే వస్తుంది. ఏప్రిల్‌లో ఇక్కడ కూర్చున్నవాళ్లకు తెలుసు.

ఇక మెమరీ. అసలు కోత ఇక్కడ పడింది. 3060లో 12 జీబీ జీడీడీఆర్6, దారి వెడల్పు 192 బిట్లు, ఒక్కో బిట్టు దారిలో సెకనుకు 15 గిగాబిట్లు. 192ని 15తో గుణించి ఎనిమిదితో భాగిస్తే సెకనుకు 360 జీబీ. 4060లో 8 జీబీ, 128 బిట్లు, 17 గిగాబిట్లు. సెకనుకు 272 జీబీ. కొత్త కార్డు మెమరీలో మూడో వంతు పోయింది, మెమరీ దారిలో నాలుగో వంతు పోయింది.

దీనికి విరుగుడుగా చిప్పు లోపలే ఉండే ఎల్2 క్యాష్‌ను పెద్దది చేశారు. పాతదానిలో 3 ఎంబీ, కొత్తదానిలో 24 ఎంబీ. మాటిమాటికీ అడిగే చీరలను గోడౌన్‌లో ఉంచకుండా కౌంటరు వెనక అరలోనే పెట్టుకున్నట్టు, మళ్లీ మళ్లీ కావలసిన డేటా చిప్పులోనే ఉంటే మెమరీ దాకా వెళ్లే పని తగ్గుతుంది. అందుకే దారి ఇరుకైనా ఆటల్లో 4060 వెనకబడలేదు. అయితే అర ఎంత పెద్దదైనా గోడౌన్ పెద్దది కాదు కదా. క్యాష్ 24 ఎంబీ అయినంత మాత్రాన 8 జీబీ 12 అయిపోదు.

ఇంకో కోత మేనల్లుడికి కూడా తెలియలేదు. మదర్‌బోర్డుతో మాట్లాడే పీసీఐఈ దారి 3060కి 16 లేన్లు, 4060కి 8. కొత్త మదర్‌బోర్డు మీద ఈ తేడా పెద్దగా కనబడదట. నాది పాత బోర్డు, పీసీఐఈ 3.0. దాని మీద 16 లేన్లకు సెకనుకు దాదాపు 16 జీబీ, 8 లేన్లకు దాదాపు 8 జీబీ. కార్డు మెమరీ నిండకపోతే ఈ దారి మీద రాకపోకలే తక్కువ. నిండితే మాత్రం పొంగిపొర్లిందంతా ఈ సందులోంచే పోవాలి, రావాలి.

11 జూలై, గురువారం

అన్నయ్యను గల్లా దగ్గర వదిలి మధ్యాహ్నం మేనల్లుడితో ఎస్పీ రోడ్డుకు నడిచి వెళ్లాను. సదర్ పత్రప్ప రోడ్డు అని పూర్తిగా పిలిచేవాళ్లు ఇప్పుడు అరుదు. చిక్కపేట నుంచి నడిచే దూరమే. నగరత్‌పేట సందుల్లో మూటల బళ్లను తప్పించుకుంటూ పోతే పట్టు వాసన పోయి వేడెక్కిన ప్లాస్టిక్ వాసన మొదలవుతుంది. 1537లో కెంపేగౌడ కట్టించిన పేటలో ఒక్కో వీధి ఒక్కో వృత్తిది. ఆ పద్ధతి ఇంకా చెరిగిపోలేదు. చీరకు చిక్కపేట, చిప్పుకు ఎస్పీ రోడ్డు.

దుకాణాలు గజం వెడల్పున, పైకప్పు దాకా పెట్టెలు. ఒక్కొక్కరు కన్నడంలో మొదలుపెట్టి హిందీలోకి, నేను మేనల్లుడితో మాట్లాడేది విని తెలుగులోకి దిగుతున్నారు. మొదటి దుకాణంలో అడిగిన మొదటి ప్రశ్నే నాకు నచ్చింది. “గేమింగా మేడమ్, రెండరింగా?” చెప్పాను. చీరలంటే అతనికి నవ్వొచ్చినట్టు లేదు. ఒక్కో బొమ్మ ఎంత సైజుదో అడిగాడు. ఇంతకుముందు కట్టడాల నమూనాలు చేసే ఆర్కిటెక్టులకు ఇచ్చానని, వాళ్లు మెమరీ చూసే కొంటారని చెప్పాడు. రెండు కార్డులూ ముప్పై వేలకు కాస్త అటూ ఇటూ. మధ్య తేడా రెండు మూడు వేలు.

రెండో దుకాణంలో 3060 అంతకంటే బాగా తక్కువకు ఇస్తామన్నారు. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో 3060 అనే ఉంది. మేనల్లుడు పెట్టె తిప్పి చూశాడు. మూలన చిన్న అక్షరాల్లో 8 జీబీ. 2022 అక్టోబరులో ఇదే పేరుతో ఇంకో రకం వచ్చింది. కోర్లు అవే 3584, మెమరీ 8 జీబీ, దారి 128 బిట్లే, అంటే సెకనుకు 240 జీబీ. 4060 పెద్ద క్యాష్ దీనికి లేదు, 12 జీబీ 3060 మెమరీ దీనికి లేదు. రెండు కార్డుల లోటూ ఒకచోట చేరినట్టుంది. పేరు ఒకటే పెట్టి లోపల సరుకు మార్చడం మా వ్యాపారంలో జరిగితే కొన్నవాళ్లు మళ్లీ మా మెట్లెక్కరు. ధర్మవరం పట్టు అని చెప్పి పవర్‌లూమ్ చీర చేతిలో పెట్టడం లాంటి పనే ఇది. నాకు నిజంగా కోపం వచ్చింది. పేరు చూసి కొనే కాలేజీ పిల్లలు ఎంతమంది దీన్ని ఇంటికి పట్టుకుపోయారో.

మూడోచోట వాడిన కార్డు చూపించారు. సగానికి సగం ధర. “మైనింగులో వాడలేదు మేడమ్” అని అడగకముందే చెప్పాడు. 3060 పుట్టిందే ఈథర్ అనే క్రిప్టో నాణేలను కార్డులతో సంపాదించే మైనింగు ఉధృతంగా ఉన్న రోజుల్లో. మైనింగు వేగాన్ని సగానికి తగ్గించే అడ్డుకట్ట వేసి ఎన్విడియా దాన్ని విడుదల చేసింది. నెల తిరక్కుండానే వాళ్లు విడుదల చేసిన ఒక బీటా డ్రైవరే ఆ అడ్డుకట్టను తీసేసింది. 2022 సెప్టెంబరు 15న ఈథర్ నెట్‌వర్క్ ఈథీరియం మైనింగు పద్ధతినే మానేశాక అలాంటి కార్డులు సంతల్లోకి వచ్చిపడ్డాయి. రాత్రింబవళ్లు నడిచిన కార్డులన్నీ పాడైనట్టే అనను. కానీ బిల్లు లేదు, వారంటీ లేదు, ఫ్యాన్ల చప్పుడు వినడానికి కరెంటు పెట్టి చూపించమంటే ఇప్పుడు కాదన్నారు. వద్దనుకున్నాం.

తిరిగి వస్తుంటే మేనల్లుడు డీఎల్ఎస్ఎస్ 3 గురించి చెప్పాడు. 4060 నిజంగా గీసిన రెండు ఫ్రేముల నడుమ ఇంకో ఫ్రేమును ఊహించి పెడుతుందట, ఆట నున్నగా సాగుతుందట. 3060కి ఆ విద్య లేదు. ఆటకు మంచిదే. నా వీడియోలో ప్రతి ఫ్రేములోనూ జరీ పోగు ఉన్నచోటే ఉండాలి. వ్యాపారి ఆ ఫ్రేము ఆపి పెద్దది చేసి చూస్తాడు. అక్కడ ఊహకు చోటు లేదు.

14 జూలై, ఆదివారం

వీధి మూసే ఉంది. పగలంతా మాదే.

మేనల్లుడి స్నేహితుడు తన 4060 విప్పి తెచ్చాడు. నగరత్‌పేట ఎడిటరు మధ్యాహ్నం దాకా తన 3060 ఇచ్చాడు. ఇద్దరూ సొంత పని ఆపుకుని ఇచ్చారు, ఆ మేలు మరచిపోకూడదు. రెండు వేర్వేరు కంప్యూటర్ల మీద నడిపి పోల్చితే కార్డు తేడా ఏదో, కంప్యూటరు తేడా ఏదో తెలియదు. అందుకని రెండిటినీ ఒకదాని తర్వాత ఒకటి నా కంప్యూటరులోనే పెట్టి, అదే బ్లెండర్ ఫైలు, అదే రెండరింగు సెట్టింగు (ఆప్టిక్స్)తో నడిపాం.

పరీక్షకు ముందు ఒక లెక్క. 8192 చుక్కల వెడల్పు, అంతే ఎత్తున్న రంగు బొమ్మ కార్డు మెమరీలో 256 ఎంబీ పడుతుంది. చుక్కకు నాలుగు బైట్లు. హార్డ్‌డిస్కులో జేపీజీగా ఎంత చిన్నదిగా ఉన్నా కార్డులోకి ఎక్కేసరికి విప్పుకుని ఇంతవుతుంది. చాలామంది ఇక్కడే తప్పు అంచనా వేస్తారు. నా చీర ఒక్కోదానికి బాడీకి ఒక బొమ్మ, అంచుకు ఒకటి, కొంగుకు ఒకటి, కొంగులో జరీ ఎత్తుపల్లాలు చూపే నార్మల్ మ్యాప్ ఒకటి. నాలుగు కలిసి 1 జీబీ. పది చీరలకు 10. మడతలు పడ్డ గుడ్డ ఆకారాలు, వెలుగు లెక్కలకు ఇంకొంత.

ఒక్క చీరతో నడిపితే 4060దే గెలుపు. 3060 తీసుకున్న సమయంలో దాదాపు నాలుగో వంతు మిగిల్చింది. ఫ్యాను చప్పుడు కూడా తక్కువ. మేనల్లుడి మొహం వెలిగింది. మూడు చీరలకూ అదే వరస. ఆరు చీరలు నిలబెట్టేసరికి 4060 మెమరీ అంచుకు వచ్చింది. 8 జీబీలో కొంత విండోసే వాడుకుంటుంది కదా.

పది చీరలు. 3060లో మెమరీ సూచిక 11 దాకా పోయి అక్కడ నిలిచింది, ఫ్రేము పూర్తయింది. 4060లో కార్డు నిండిపోయి మిగిలిన బొమ్మలు కంప్యూటరు ర్యామ్‌లో సర్దుకున్నాయి. ప్రతి కిరణం లెక్కకూ ఆ ఎనిమిది లేన్ల సందులోంచి రాకపోకలు. అంతదాకా ముందున్న కార్డు నాలుగు రెట్లకు పైగా సమయం తీసుకుంది. ఇంకో వేదిక, రెండు దీపాలు చేర్చి నడిపితే మెమరీ చాలలేదని చెప్పి ఆగిపోయింది.

స్నేహితుడు కాస్త చిన్నబుచ్చుకున్నాడు. అతని కార్డులో లోపమేమీ లేదని, అతను ఆడే ఆటలకు అదే మంచిదని చెప్పి, అన్నం పెట్టి పంపాను.

17 జూలై, బుధవారం

తొలి ఏకాదశి. మొహరం కూడా ఇవాళే. నిన్ననే బ్లెండర్ 4.2 వచ్చింది. కానీ పని మధ్యలో సాఫ్టువేరు మార్చను.

మేనల్లుడు ఓటమి ఒప్పుకునే రకం కాదు, అది వాడిలో నాకు నచ్చే గుణం. రాత్రంతా కూర్చుని దారి వెతికాడు. “బొమ్మలను 4096కి తగ్గించు అత్తా. ఒక్కోటి 64 ఎంబీనే. పది చీరలకూ కలిపి రెండున్నర జీబీ. 4060 హాయిగా లాగేస్తుంది.” లెక్క సరైనదే. చేసి చూశాను. బాడీకి ఏ తేడా లేదు. బాడీ అంతా ఒకే బుటా మళ్లీ మళ్లీ వస్తుంది కనుక దానికి అసలు అంత పెద్ద బొమ్మే అక్కర్లేదు. ఒక్క రిపీట్ ఇచ్చి పరచమంటే చాలు. అంచుకూ అంతే. ఈ మాట వాడు లేవదీయకపోతే నేను మెమరీని అలాగే దుబారా చేస్తూ ఉండేదాన్ని.

కొంగు దగ్గర మాత్రం కుదరలేదు. కొంగులో రిపీట్ ఉండదు, అదంతా ఒకే బొమ్మ. చీర పన్నా సుమారు 1200 మిల్లీమీటర్లు. దాన్ని 4096 చుక్కలుగా చేస్తే ఒక్కో చుక్కకు 0.29 మిల్లీమీటరు. నేతలో ఒక పేక పోగు పట్టే చోటు ఇంచుమించు అంతే. పోగుకు ఒక్క చుక్కే దక్కితే జరీ పోగూ పట్టు పోగూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి, నెమలి ఈకల రేకులు మసకగా, అలలు అలలుగా కనబడ్డాయి. 8192 అయితే పోగుకు రెండు చుక్కలు. అప్పుడే జరీ విడిగా మెరుస్తుంది. దానికంటే తగ్గించి చూపిస్తే నేసేది ఒకటి, చూపించేది ఒకటి అవుతుంది.

చివరికి బాడీ, అంచు రిపీట్‌లుగా, కొంగు మాత్రం పూర్తి సైజులో పెట్టి లెక్క వేశాం. చీరకు అర జీబీ పైన. పది చీరలు, ఆకారాలు, విండోస్ అన్నీ కలిపి 7 జీబీ దాటుతోంది. అంటే ఒద్దికగా సర్దుకుంటే 4060 మీద కూడా ఈ ఆర్డరు అవుతుంది. ఇది దాచకుండా రాసుకోవాలి. కానీ వ్యాపారి పన్నెండు చీరలడిగితే, వెనక ఒక మండపం పెట్టమంటే మళ్లీ కోతలు మొదలు. ఏది తగ్గించాలి, ఎక్కడ కుదించాలి అన్నదానికే నా పూటలు పోతాయి. 3060 మీద ఆ పూటల్లో ఇంకో కొంగు గీసుకోవచ్చు.

వేగం చాలని కార్డు నన్ను కాసేపు కూర్చోబెడుతుంది. మెమరీ చాలని కార్డు నా బొమ్మను చెరిపి గీయమంటుంది. నేను మొదటిదానికి ఒప్పుకుంటాను.

20 జూలై, శనివారం

కొన్నాం. మొదటి దుకాణంలోనే, బొమ్మ సైజు అడిగిన అతని దగ్గరే. 3060, 12 జీబీ, కొత్త పెట్టె. 18 శాతం జీఎస్టీతో బిల్లు, బిల్లు మీద సీరియల్ నంబరు. పెట్టె మీది నంబరు, కార్డు వెనక నంబరు, బిల్లు మీది నంబరు మూడూ సరిపోల్చుకున్నాకే డబ్బులు ఇచ్చాను. ఎస్పీ రోడ్డులో ఎవరు కొన్నా ఈ మూడు నంబర్లు చూడందే మెట్లు దిగకూడదు.

దానితో 550 వాట్ల ఎస్ఎంపీఎస్ కూడా మార్చాం. నా పాతది 450ది. రెండు కార్డులకూ కంపెనీ చెప్పేది 550యే కనుక ఈ ఖర్చు ఏది కొన్నా తప్పేది కాదు.

ఇంటికొచ్చి బిగించి, కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ తెరిచాడు మేనల్లుడు. చిప్పు జీఏ106. మెమరీ 12288 ఎంబీ. దారి 192 బిట్లు. నకిలీ కార్డుల్లో మెమరీ అంకెను మార్చి చూపించే మోసం ఉంది కనుక ఈ మూడూ కలిపి చూడాలన్నాడు. ఈ చిప్పుల కంపెనీ 2004 నుంచీ మన ఊళ్లోనే ఇంజనీర్లను పెట్టి పని చేయిస్తోంది, చదువైపోయాక అక్కడికి వెళ్లాలని వాడి కోరిక. వెళ్లగలడు. లెక్క తేలేదాకా వదలని పట్టు ఉంది వాడికి.

23 జూలై, మంగళవారం

బడ్జెట్. బంగారం, వెండి మీద కస్టమ్స్ సుంకం 15 శాతం నుంచి 6కి తగ్గించారు. పొద్దుటి నుంచీ కింద ఫోన్లు ఆగలేదు, జరీ ధర ఎంత దిగుతుందని. కార్డు గురించి ఎవరికీ పట్టలేదు. అది మాత్రం పైన తన మానాన ఫ్రేములు గీస్తూనే ఉంది.

2 ఆగస్టు, శుక్రవారం

వీడియో పూర్తయింది. పది చీరలు, వెనక చిన్న మండపం. కొంగుల సైజు ఎక్కడా తగ్గించలేదు. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నకు ఒక ముక్క తయారవుతూ వచ్చింది. 4060 అయితే కొత్త పద్ధతి ఏవీ1లో వీడియో చుట్టి ఇచ్చేది, 3060 ఏవీ1ను చూపించగలదే గానీ చుట్టలేదు. వాట్సాప్‌లో పంపే వీడియోకు పాత హెచ్264 సరిపోయింది, ఆ లోటు నాకు తగల్లేదు.

వ్యాపారికి పంపేముందు ధర్మవరంలో మా చీరలు నేసే పెద్దాయనకు పంపాను. ఎప్పుడూ మొదట ఆయనే చూడాలి. గంటసేపటికి ఫోన్ చేశాడు. “బాగుండాది పాపా. పోగు పోగు కనబడతాంది. ఆ నెమలి మెడకాడ మాత్రం జరీ పొడుగ్గా తేలతాంది చూడు. కట్టుకున్నాక గాజుకు తగులుకుంటాది. నడుమ ఒక కట్టు ఎయ్యి.” ఆయన మనవడి ఫోన్‌లో, వీడియో ఆపి, వేళ్లతో పెద్దది చేసి చూసి చెప్పిన మాట ఇది. కట్టు వేసి ఆ ఒక్క చీర మళ్లీ నడిపించాను. మగ్గం మీద అయితే ఇది మొదటి చీర దించాక గానీ తెలిసేది కాదు.

సాయంత్రానికి సికింద్రాబాద్ నుంచి జవాబు. పదిలో ఏడు ఖాయం. మూడింటికి రంగు మార్చమన్నాడు. ఏడు గ్రాఫులూ ధర్మవరం పంపేశాం.

మేనల్లుడికి దీపావళికి కార్డు కొనిస్తానన్నాను. వాడు మళ్లీ లెక్క అడిగాడు. వాడిది 1080పీ తెర, స్నేహితుడి దాని లాంటి కొత్త బోర్డు, పని అంటే ఆటలే. అలాంటివాడికి 4060 కొనాలి: వేగం ఎక్కువ, కరెంటు తక్కువ, వేడి తక్కువ. నా బల్లకు 12 జీబీ 3060. అదే పేరుతో అమ్ముతున్న 8 జీబీ 3060 ఎంత చౌకగా వచ్చినా ఎవరూ కొనకూడదు.